ప్రయాణికుడి చేతికి ఏ టైం టేబుల్ ఇవ్వాలి? వెబ్‌సైట్ల చరిత్ర, మన సంఘం పని



మన సంఘానికి మళ్ళీ ఒక వెబ్‌సైటు చేయించాలని పోయిన నెల కార్యవర్గం తీర్మానించింది. చందాల పుస్తకం కూడా తెరిచారు. సంతోషం. అయితే ఇప్పుడు నడుస్తున్న చర్చ అంతా దాని రూపం మీదే. పైన ఏ రంగు, తెలుగు తల్లి బొమ్మ కుడివైపా ఎడమవైపా, అధ్యక్షులవారి సందేశం ఎంత పొడుగు, మాజీ అధ్యక్షుల ఫోటోలు ఏ వరుసలో? ఈ హడావుడిలో ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ సైటు దగ్గరికి ఎవరు వస్తారు? ఏ పని మీద వస్తారు?

వెబ్‌సైటు అనేది పుట్టి ముప్పై ఏళ్ళు ఎప్పుడో దాటింది. ఈ ప్రశ్న అడిగి కట్టినవాళ్ళ సైట్లు నిలిచాయి. అడగకుండా కట్టినవి, వెనక ఎంత డబ్బు, ఎంత అధికారం ఉన్నా బోర్లా పడ్డాయి. ఆ చరిత్ర కొంచెం చెబుతాను. పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను కంప్యూటరు ఇంజనీరును కాను. తమిళ మీడియంలో చదువుకుని, రైల్వేలో క్లర్కుగా చేరి, ఎంక్వయిరీలోనూ రిజర్వేషన్‌లోనూ ఉద్యోగం వెళ్ళదీసి రిటైరైనవాణ్ణి. తెలుగు అక్షరాలు ఇంట్లో మా అవ్వ దగ్గర నేర్చుకున్నాను. జనం ఏం అడుగుతారు, వాళ్ళకు నిజంగా ఏం కావాలి అన్న సంగతి మాత్రం కౌంటరు అద్దానికి ఇవతల ముప్పై ఏళ్ళకు పైగా కూర్చుని చూశాను.

*రెండు టైం టేబుళ్ళు*

వెబ్ కంటే ముందు రైల్వే సంగతి ఒకటి చెప్పాలి. తక్కినదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఒకే రైళ్ళకు రైల్వేలో రెండు రకాల టైం టేబుళ్ళు ఉంటాయి. ఒకటి పబ్లిక్ టైం టేబుల్, స్టేషన్‌లో పుస్తకాల దుకాణంలో అమ్మేది. రెండోది వర్కింగ్ టైం టేబుల్, డ్రైవర్లకు, గార్డులకు, స్టేషన్ మాస్టర్లకు, కంట్రోల్ ఆఫీసుకు ఇచ్చేది. రెండోదాంట్లో ఏ కిలోమీటరు దగ్గర వేగం తగ్గించాలి, ఎక్కడ లైను ఎత్తెక్కుతుంది, ఏ స్టేషన్లో ఎన్ని లైన్లు, ఎక్కడ ఏ బండి ఏ బండికి దారి ఇవ్వాలి, అన్నీ ఉంటాయి. మొదటిదాంట్లో అవి ఉండవు. స్టేషన్ల పేర్లు అక్షర క్రమంలో, పక్కన పట్టిక నంబరు. ఆ పట్టిక తిప్పితే మీ రైలు ఎన్నింటికి వస్తుంది, ఎన్నింటికి చేరుస్తుంది. అంతే.

రెండు పుస్తకాలూ నిజమే చెబుతాయి. కానీ వర్కింగ్ టైం టేబుల్ తెచ్చి, పిల్లాజెల్లాతో, పెట్టెలతో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి చేతిలో పెడితే ఏమవుతుంది? అందులో అన్నీ ఉన్నాయి, ఆయనకు కావలసినది మాత్రం దొరకదు. రైలు వెళ్ళిపోతుంది.

స్టేషన్ పేరు రాసిన పసుపు బోర్డు చూడండి. పసుపు మీద నల్ల అక్షరాలు, ప్లాట్‌ఫారం రెండు కొసల్లోనూ. ఏ వైపు నుంచి బండి వచ్చినా కిటికీ పక్కన కూర్చున్నవాడికి ముందే కనబడాలి. ఆ బోర్డు మీద స్టేషన్ మాస్టరు ఫోటో ఉండదు, డివిజన్ మేనేజరు సందేశం ఉండదు. వాళ్ళు చిన్నవాళ్ళని కాదు, ఆ బోర్డు వాళ్ళ కోసం పెట్టింది కాదని.

చెడిపోయిన వెబ్‌సైటు దాదాపు ప్రతీదీ ప్రయాణికుడి చేతికిచ్చిన వర్కింగ్ టైం టేబులే. కట్టినవాళ్ళ ఆఫీసు ఎలా నడుస్తుందో చెబుతుంది. వచ్చినవాడి పని ఎలా అవుతుందో చెప్పదు.

*జనాన్ని లాగింది ఫోన్ నంబర్లే*

ఇక వెబ్ కథ. స్విట్జర్లాండులో జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థ ఉంది. అణువు లోపలి రేణువుల మీద పరిశోధన చేసే చోటు. అక్కడ పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంగ్లీషు ఆయన 1989 మార్చిలో తన పై అధికారికి ఒక ప్రతిపాదన రాసిచ్చాడు. దానికి మూలం ఒక మామూలు ఆఫీసు ఇబ్బంది. సెర్న్‌కు ఎక్కడెక్కడి నుంచో శాస్త్రవేత్తలు వస్తారు, కొన్నాళ్ళు పనిచేస్తారు, వెళ్ళిపోతారు. ఒకరు రాసిపెట్టింది ఇంకొకరికి దొరకదు. ఒక కంప్యూటరులో ఉన్నది ఇంకో కంప్యూటరులో తెరుచుకోదు. మన సంఘంలో కార్యదర్శి మారినప్పుడల్లా పాత ఫైళ్ళు మాయమవుతాయే, అదే జబ్బు. ఆ జబ్బుకు మందుగా పుట్టిందే వెబ్.

1990 చివరికి మొదటి సైటు తయారైంది. వెబ్ అంటే ఏమిటో, దాన్ని ఎలా వాడాలో వివరించే సైటు అది. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు, కానీ మెచ్చుకున్నంత మాత్రాన రోజూ వాడరు కదా. సెర్న్‌లో జనాన్ని దాని దగ్గరికి లాగింది టెలిఫోన్ డైరెక్టరీ. అక్కడి ఫోన్ నంబర్లన్నీ ఒక పెద్ద కంప్యూటరులో ఉండేవి. ఒక నంబరు కావాలంటే పనిగట్టుకుని అందులోకి లాగిన్ అవాలి. ఆ డైరెక్టరీని వెబ్ ద్వారా చూసే వీలు కల్పించారు. పేరు కొడితే నంబరు వచ్చేస్తుంది. ఆ ఒక్క పని కోసం చాలామంది వెబ్‌ను తమ కంప్యూటర్లలో పెట్టుకున్నారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించాక ప్రపంచమంతా పాకింది.

ఇంత గొప్ప విషయం నిలదొక్కుకున్నది ఫలానా మనిషి ఫోన్ నంబరు ఎంత అన్న చిన్న ప్రశ్నకు జవాబు చెప్పి. ఈ ముక్క మన కార్యవర్గం వారు గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

*రిజిస్టరు నుంచి వెబ్‌సైటు దాకా*

మన దేశంలో కోట్ల మంది వాడే సైటు రైలు టిక్కెట్లది. దాని కథ నాకు కొంత దగ్గరగా తెలుసు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రిజర్వేషన్ అంటే రిజిస్టరు. ఒక్కో రైలుకు, ఒక్కో తేదీకి ఒక్కో పేజీ. ఏ రైలు రిజిస్టరు ఏ క్లర్కు దగ్గర ఉంటే ఆ వరుసలోనే నిలబడాలి. పక్క కౌంటర్లో క్లర్కు ఈగలు తోలుకుంటున్నా మీకు లాభం లేదు, ఆయన దగ్గర ఉన్నది వేరే బండి పుస్తకం. తిరుగు ప్రయాణం కూడా కావాలంటే ఆ ఊరికి టెలిగ్రాం పంపాలి, జవాబు వచ్చేదాకా కాచుకోవాలి. పెళ్ళికి వెళ్ళడం ఖాయం, తిరిగి రావడం దైవాధీనం. ఇందులో క్లర్కుల తప్పేమీ లేదు. ఏర్పాటే ఆఫీసు సౌకర్యం కోసం ఉంది, ప్రయాణికుడు దాని ప్రకారం వంగాలి.

1985 నవంబరులో న్యూఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషన్ ప్రయోగంగా మొదలైంది. కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే అప్పటి ప్రభుత్వ సంస్థ దాన్ని తయారుచేసింది. 1986లో రైల్వే తన కంప్యూటరు పనుల కోసం క్రిస్ అనే సొంత సంస్థను పెట్టుకుంది. కంప్యూటరు వచ్చిందని గొప్ప కాదు. ఏ కౌంటర్లోనైనా ఏ రైలుకైనా టిక్కెట్టు ఇవ్వవచ్చు అన్నదే గొప్ప. మొదట్లో ఒక్కో పెద్ద కేంద్రం దేని కంప్యూటరు దానిదే. క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ అనే కొత్త ఏర్పాటు 1994లో సికింద్రాబాద్‌లో మొదలై, 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ అయిదింటినీ కలిపింది. అప్పటినుంచి కాట్పాడిలో కూర్చుని హౌరా నుంచి తిరిగి వచ్చే టిక్కెట్టు కూడా తీయవచ్చు.

కాట్పాడి పేరు ఊరికే చెప్పలేదు. వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి వచ్చేవాళ్ళు దిగే స్టేషన్ అది. బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి, మన చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి రోగులు వస్తారు. ఎప్పుడు డిశ్చార్జి చేస్తారో తెలియదు, తిరుగు టిక్కెట్టు ఏ తేదీకి తీయాలో తెలియదు. ఆ కుటుంబానికి ఏ కౌంటర్లోనైనా ఏ రైలైనా అన్న మాట ఎంత పెద్ద మేలో చెప్పనక్కరలేదు.

రిజర్వేషన్ ఫారంలో ఇంకో చిన్న విషయం ఉంది. మీరు డాక్టరైతే టిక్కు పెట్టండి అని ఒక గడి. ఎందుకు? దారిలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే టి.టి.ఇ. చార్టు చూసి డాక్టరు ఏ బెర్తులో ఉన్నాడో పట్టుకోవడానికి. ఒక గడి పెట్టారంటే దానికి ఒక పని ఉండాలి. మన పాత వెబ్‌సైటులో సంఘానికి ఒక మాట రాయాలంటే తండ్రి పేరు, గోత్రం, బ్లడ్ గ్రూపు అన్నీ నింపితే గానీ ముందుకు పోనిచ్చేది కాదు. రక్తం ఎవరికి ఎక్కిస్తారో తెలియదు.

2002 ఆగస్టు 3న ఐ.ఆర్.సి.టి.సి. సైటులో టిక్కెట్ల అమ్మకం మొదలైంది. ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, అప్పుడు నెట్‌లో డబ్బు కడితే టిక్కెట్టు కొరియరులో ఇంటికి వచ్చేది. కాబట్టి ప్రయాణం కొద్ది రోజుల్లో ఉంటే ఆ సైటు పనికిరాదు. 2005లో ఇ-టిక్కెట్టు వచ్చింది. ఇంట్లోనే కాగితం మీద అచ్చు తీసుకుని, గుర్తింపు కార్డుతో ఎక్కవచ్చు. తరువాత ఫోన్‌లో వచ్చిన మెసేజి చూపినా చాలు అన్నారు. ప్రతి మెట్టులోనూ సైటు అందచందాలు కాదు మారింది, ప్రయాణికుడికీ బెర్తుకూ మధ్య ఉన్న అడ్డం ఒక్కొక్కటే తొలగింది.

అన్నీ సులువుగా తొలగలేదు. ఉదయం తత్కాల్ తెరిచే వేళకు సైటు స్తంభించిపోవడం దేశమంతా ఎరిగిన సంగతే. 2014 ఆగస్టులో కొత్త యంత్రాంగం పెట్టి, నిమిషానికి 2,000 టిక్కెట్ల నుంచి 7,200 టిక్కెట్ల దాకా ఇచ్చే శక్తి పెంచారు. ఇంకో అడ్డం 2018 దాకా ఉంది. ఏ బండిలో ఎన్ని బెర్తులున్నాయని ఆ సైటులో చూడాలంటేనే లాగిన్ అవాలి. ఆ ఏడాది మార్చిన రూపంలో ఆ షరతు తీసేశారు. ఇప్పుడు ఎవరైనా లాగిన్ లేకుండానే ఖాళీలు చూడవచ్చు, కొనేటప్పుడు పేరు చెబితే చాలు. ఎంక్వయిరీ కౌంటర్లో మేం ఎప్పుడూ చేసింది ఇదే. "తిరుపతి బండి ఎన్నింటికి సార్?" అని అడిగినవాణ్ణి "ముందు నీ పేరు, తండ్రి పేరు చెప్పు" అని ఎవరం అడగలేదు.

*అమెరికాలో ఆరుగురు, ఇంగ్లండులో ఒక తేదీ*

తలుపు దగ్గరే పేరడిగే ఈ జబ్బు అమెరికా ప్రభుత్వానికి ఎంత ఖరీదైందో చూడండి. ఆరోగ్య బీమా లేనివాళ్ళు బీమా ఎంచుకోవడానికి 2013 అక్టోబరు 1న హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే సైటు తెరిచారు. అధ్యక్షుడు ఒబామా పేరు మీద నడిచిన పెద్ద పథకం. లక్షల మంది ఎగబడ్డారు. మొదటి రోజు బీమాలో చేరడం పూర్తిచేయగలిగింది ఆరుగురు. ఆరు లక్షలు కాదు, ఆరుగురు.

కారణాలు చాలా ఉన్నాయి, సామర్థ్యం చాలలేదు, పరీక్షించడానికి సమయం చాలలేదు. అందులో ఒకటి మాత్రం మన లెక్కకు వస్తుంది. ఏ బీమా ఎంత ఖరీదో ఊరికే చూసి పోదామని వచ్చినవాణ్ణి కూడా ముందు ఖాతా తెరవమన్నారు. దాంతో కొనేవాడూ, ధర అడిగేవాడూ, తొంగి చూసేవాడూ అందరూ ఒకే ఇరుకు గుమ్మంలో ఇరుక్కున్నారు. తరువాత ఖాతా లేకుండా ధరలు చూసే వీలు కల్పించారు, తక్కిన లోపాలూ సరిచేశారు. మరుసటి వసంతానికి, ఫెడరల్ సైటూ రాష్ట్రాల సైట్లూ కలిపి దాదాపు 80 లక్షల మంది చేరారు. పథకం అదే, దేశం అదే. గుమ్మం వెడల్పయింది.

ఇంగ్లండు కథ దీనికి తిరగబడ్డది. అక్కడ ఒక్కో శాఖకు ఒక్కో సైటు, ఒక్కో సైటులో మంత్రిగారి ఫోటో. జనానికి తమ పని ఏ శాఖ కిందికి వస్తుందో తెలిస్తే గానీ దారి దొరకదు. 2010లో మార్తా లేన్ ఫాక్స్ అనే ఆవిడ ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చింది, ఇలా అతుకులు వేయడం కాదు, పూర్తిగా మార్చాలని. 2012 అక్టోబరు 17న అంతా ఒకేచోట దొరికే గవ్ డాట్ యుకె మొదలైంది. వాళ్ళు పెట్టుకున్న నియమాల్లో మొదటిది, పనిని జనం అవసరాల నుంచి మొదలుపెట్టాలి, ప్రభుత్వ అవసరాల నుంచి కాదు అన్నది.

ఆ సైటులో సెలవుల పేజీ ఒకటి చూడండి. అక్కడ బ్యాంకు సెలవులంటే దేశానికే సెలవులు. వచ్చే సెలవు ఎప్పుడు అన్నదే ఆ పేజీకి వచ్చేవాడి ప్రశ్న. పేజీ తెరవగానే పెద్ద అక్షరాలతో ఆ తేదీ ఉంటుంది. కింద తక్కిన జాబితా. సెలవుల చట్టం చరిత్ర లేదు, శాఖ లక్ష్యాలు లేవు. బొమ్మలూ తళుకులూ లేని ఈ సైటుకు 2013లో లండన్ డిజైన్ మ్యూజియం ఆ ఏటి ఉత్తమ డిజైను బహుమతి ఇచ్చింది. కుర్చీలతోనూ కట్టడాలతోనూ పోటీపడి ఒక ప్రభుత్వ వెబ్‌సైటు గెలిచింది.

అమెరికాలో రాండల్ మన్రో అనే కార్టూనిస్టు 2010లో ఒక బొమ్మ వేశాడు. రెండు వలయాలు. ఒకదాంట్లో కాలేజీ వెబ్‌సైటు మొదటి పేజీలో ఉండేవి, ప్రిన్సిపాలు సందేశం, ఆవరణ ఫోటోలు, పత్రికా ప్రకటనలు. రెండోదాంట్లో జనం వెతుక్కునేవి, అప్లికేషన్ ఫారాలు, ఫోన్ నంబర్లు, సరైన మ్యాపు. రెండు వలయాలూ కలిసే చోట ఒక్కటే ఉంది, కాలేజీ పూర్తి పేరు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని మనవాళ్ళు ఏనాడో అన్నారు.

*అక్షరం కనబడితే చాలదు*

తెలుగువాళ్ళం కాబట్టి లిపి సంగతి విడిగా చెప్పాలి. తమిళనాడులో ఉన్న తెలుగువాళ్ళం కాబట్టి ఇంకా విడిగా చెప్పాలి.

యూనికోడ్ అనే ప్రపంచ అక్షర పట్టికలో 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. కానీ మామూలు కంప్యూటర్లలో అది పనిచేయడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా తెలుగు పత్రికలు నెట్‌లోకి వచ్చాయి. ఈనాడు వంటివి తమ సొంత ఫాంటుతో వచ్చాయి. చూడ్డానికి చక్కటి తెలుగు. లోపల కంప్యూటరుకు మాత్రం అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఆ ఫాంటు లేకపోతే చదవలేం, వెతికితే దొరకదు, కాపీ చేసి ఇంకోచోట పెడితే పిచ్చి గీతలు. ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చడానికే పద్మ అనే ఉపకరణం తయారుచేయవలసి వచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు పెట్టారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. అప్పటినుంచే తెలుగులో రాసింది తెలుగులో వెతికితే దొరకడం మామూలైంది.

మనం ఈనాటికీ పాత పద్ధతిలోనే ఉన్నాం. సంఘం ప్రకటన ఏదైనా బొమ్మగా చేసి వాట్సాప్‌లో పంపుతాం. పువ్వులు, దీపాలు, మధ్యలో అక్షరాలు. ఆరు నెలల తరువాత హాస్టల్ తేదీ కావాలని వెతికితే బొమ్మ దొరకదు. చూపు తగ్గినవాళ్ళకు ఫోన్ చదివి వినిపిస్తుంది కదా, బొమ్మలో అక్షరాలను చాలా ఫోన్లు చదవలేవు. కనబడే అక్షరం వేరు, దొరికే అక్షరం వేరు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కువ, తెలుగు చదవగలిగేవాళ్ళు తక్కువ. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. అంతకు ముందూ నాలాంటివాళ్ళం తమిళంలోనే చదివాం. సైటంతా తెలుగు లిపిలోనే ఉండాలి, లేకపోతే మన సంఘానికి పరువేముంది అని కొందరు పెద్దలు పట్టుబడుతున్నారు. వారి అభిమానానికి దండం. కానీ హోసూరులో తమిళ బడిలో చదివే మనపిల్ల ఆ పేజీ తెరిచి ఏం చేస్తుంది?

దీనికి జవాబు మన నేల మీదే ఉంది. త్యాగరాజస్వామి తిరువయ్యారులో కూర్చుని తెలుగులో కీర్తనలు రాశారు. వాటిని తమిళనాడులో ఇంటింటా పాడుతున్నారు. పాడేవాళ్ళలో ఎక్కువమందికి తెలుగు చదవడం రాదు. అందుకని తమిళ లిపిలో కీర్తనల పుస్తకాలు వేశారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం కదా, ఆ అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేసి ఏ ధ్వనో చూపించారు. వేసినవాళ్ళు తెలుగు లిపికి అవమానం జరిగిందనుకోలేదు. పాట నోటికి రావాలి, ఉచ్చారణ చెడకూడదు, అదే పని. ఆ పని జరిగింది. తెలుగు మాట తెలుగు చదవని గొంతులో నిలిచింది. వెబ్ పుట్టక ముందే మన దగ్గర జరిగిన ఇంతకంటే మంచి డిజైను నాకు తెలియదు.

*మన సైటుకు నేను అడిగేవి*

పోయిన జూన్‌లో జరిగింది మీలో కొందరికి తెలుసు. కృష్ణగిరి వైపు పల్లె నుంచి ఒక అబ్బాయి, వాళ్ళమ్మ, మన హాస్టల్ సీటు కోసం బస్సెక్కి వచ్చారు. గడువు అయిపోయి వారమైంది. ఆ అబ్బాయి ఫోన్ తీసి మన పాత సైటు చూపించాడు. అందులో రెండేళ్ళ కిందటి తేదీ ఉంది. పైన మాత్రం అధ్యక్షులవారి సందేశం, కదిలే ఫోటోలు, ఎంతమంది చూశారో లెక్కపెట్టే అంకె, అన్నీ చక్కగా ఉన్నాయి. ఆ లెక్కలో ఆ అబ్బాయి కూడా ఒకడు. వాళ్ళమ్మ ఏమీ అనలేదు. "సరేనయ్యా, వచ్చే ఏడు చూస్తాం" అని లేచింది. వచ్చే ఏడు వాళ్ళు రారని అక్కడున్న అందరికీ తెలుసు.

అందుకే ఈ వ్యాసం. చందా ఇచ్చేవాళ్ళ డబ్బు దీనికి ఖర్చు కాబోతోంది కాబట్టి నా కోరికలు ఇవి.

ఒకటి. డిజైనరును పిలిచే ముందు ఆఫీసు ఫోన్ పక్కన ఒక నోటు పుస్తకం పెట్టండి. రెండు నెలలు వచ్చే ప్రతి ప్రశ్నా రాయండి. ఎంక్వయిరీ కౌంటర్లో రోజంతా వందల మంది వచ్చినా ప్రశ్నలు పది పన్నెండే. మన ఆఫీసుకూ అంతే. హాస్టల్ గడువు ఎప్పుడు, స్కాలర్‌షిప్పుకు ఏ కాగితాలు, భాషా మైనారిటీ సర్టిఫికెట్టుకు ఎవరిని కలవాలి, మా పిల్ల బడిలో తెలుగు చదవవచ్చా, ఫలానా ముహూర్తానికి కల్యాణ మండపం ఖాళీయా. వీటి జవాబులే మొదటి పేజీ.

రెండు. ప్రతి జవాబూ తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో. బొమ్మగా కాదు, అక్షరాలుగా. తెలుగు నేర్పే పాఠాలు, పాటలు తమిళ లిపిలో కూడా.

మూడు. చూడ్డానికి వచ్చినవాణ్ణి పేరు అడగవద్దు. మండపం ఖాళీ తేదీలు రైలు బెర్తుల్లాగా అందరికీ కనబడాలి. పెళ్ళి సంబంధాల విషయంలో మాత్రం దీనికి తిరగబడ్డ నియమం. మన ఆడపిల్లల ఫోటోలు, ఫోన్ నంబర్లు ఊరందరికీ కనబడేలా పెట్టడం తప్పు. అక్కడ తాళం ఉండాలి, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలియాలి. ఏ గుమ్మం ఎవరికి తెరవాలో, ఎవరికి మూయాలో తేల్చుకోవడం కూడా డిజైనే.

నాలుగు. ప్రతి పేజీ కింద చివరిసారి సరిచూసిన తేదీ, సరిచూసినవారి పదవి ఉండాలి. తేదీ మారిన రోజే సైటు మారాలి. పాస్‌వర్డు ఒక్కరి జేబులో ఉండకూడదు. పాత సైటు ఆగిపోయింది డబ్బు లేక కాదు, పాస్‌వర్డు తెలిసిన ఒక్కరూ ఊరు మారడం వల్ల.

అయిదు. తెరిచే ముందు పరీక్ష పెట్టండి. డెబ్భై దాటిన ఒక అమ్మ, పల్లె నుంచి ఒక విద్యార్థి, చవక ఫోన్, నెమ్మది నెట్. హాస్టల్ గడువు ఎప్పుడో కనుక్కోండి అని చెప్పి, పక్కన కూర్చుని నోరు మూసుకుని చూడండి. వాళ్ళు తడబడిన చోటల్లా తడబాటు మనది, వాళ్ళది కాదు.

ఫోటోలు వద్దని నేను అనడం లేదు. సంఘాన్ని నిలబెట్టిన పెద్దల చరిత్ర ఉండాలి, వాళ్ళ బొమ్మలూ ఉండాలి. స్టేషన్లో కూడా పాత ఇంజను నిలబెడతారు, మెట్ల దారికి అడ్డంగా కాదు, పక్కన తోటలో. లోపల ఒక మంచి పేజీలో పెడదాం. తీరిక ఉన్నవాళ్ళు చూస్తారు, గర్వపడతారు.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు రంగుల నమూనాలు తేవద్దని మనవి. గత ఏడాదిలో మీ ఇంట్లోవాళ్ళు సంఘాన్ని అడిగిన ప్రశ్న, లేదా అడగాలనుకుని ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్న ప్రశ్న ఒక్కటి కాగితం మీద రాసి తెండి. ఏ లిపిలో రాసినా సరే.